లోపలి గడియ

“ఆ ఒక్కటీ వదిలెయ్యరా. మిగతావన్నీ నీ ఇష్టం,” అంది ఆరోగ్యమ్మ మళ్లీ.

“అన్నిటికంటే ముందు తియ్యాల్సింది అదేనమ్మా,” అన్నాడు బెన్ని. “పెద్దవాళ్ల గదులకి లోపల గడియ ఉండకూడదు. నువ్వు లోపల పడిపోతే, తలుపు వేసుంటే, ఎవరొచ్చి లేపుతారు?”

పొద్దుటి నుంచీ ఇదే గొడవ. ఆరోగ్యమ్మ ఎడం చేతికి మోచేతి దాకా పిండికట్టు ఉంది. కుడిచెయ్యి గడియ మీద ఉంది. వడ్రంగి బాలస్వామి స్క్రూడ్రైవర్ పట్టుకుని, ఎవరి మాట వినాలో తెలియక గుమ్మంలో నిలబడ్డాడు.

బెన్ని ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో చేస్తాడు. భార్య జాయిస్‌తో జగ్గయ్యపేటలో ఉంటాడు. అమ్మ పడిందని నాన్న ఫోన్ చేసినప్పుడల్లా ఇద్దరూ నందిగామ బస్సెక్కుతున్నారు. మొదట బాత్రూంలో పడింది. గోడకి స్టీలు కడ్డీలు బిగించి, కింద రబ్బరు మ్యాట్లు వేయించాడు. తర్వాత వంటింటి గడప దగ్గర పడింది. గడప తీయించి నేల సమం చేయించాడు. పెరటి మెట్లకి రెయిలింగూ లైట్లూ పెట్టించాక, పట్టపగలు ఆ మెట్ల మీదే పడి మణికట్టు విరిగింది.

“ఈసారి తుంటి విరిగిందంటే మంచానికే,” అన్నాడు డాక్టరు.

బెన్నికి అదొక భయం. ఎలా పడ్డావని అడిగితే అమ్మ సరిగ్గా చెప్పకపోవడం ఇంకో భయం. “ఏమోరా, పడ్డా,” అంటుంది, అంతే. మతిమరుపు మొదలైందేమోనని జాయిస్ అనుమానం. విజయవాడ తీసుకెళ్లి చూపిద్దామంటోంది.

బెన్ని నాన్న వరప్రసాదరావు మాస్టారు బాలస్వామికి టీ తెచ్చిచ్చారు. రిటైరై చాలా ఏళ్లయినా మనిషి ఇంకా నిటారుగానే ఉంటారు. భార్య మంచం పక్కన కొత్తగా బిగించిన కడ్డీని రెండు చేతులా పట్టుకుని గుంజి చూశారు. కదల్లేదు.

“గట్టిగానే బిగించావోయ్,” అన్నారు.

“మీరు గుంజినా ఊడలేదంటే ఇంక ఊడదండి మాస్టారూ.”

మాస్టారు నవ్వి కోడలి వైపు తిరిగారు. “మీ అత్తయ్యకి పడటం ఇవాళ కొత్తా జాయిసూ? పెళ్లయిన కొత్తలోనే బావి గట్టు మీద పడింది. వీడు కడుపులో ఉన్నప్పుడూ పడింది. మా అమ్మ అనేది, ‘ఒరే, పిల్లని తెచ్చుకోమంటే నిలబడలేని బిందెని తెచ్చుకున్నావురా’ అని.”

జాయిస్ నవ్వింది. బెన్నీ నవ్వాడు. వాడు పుట్టినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఉన్న మాటే అది. ఎప్పుడన్నా ఆరోగ్యమ్మ కూడా నవ్వేది. ఇవాళ నవ్వలేదు.

“గడియ సంగతి మీరన్నా చెప్పండి మావయ్యగారూ. మీ మాటైతే వింటారు.”

“నా మాటా! మొన్నామధ్య ఈ గదిలోకి దూరి గడియ పెట్టేసుకుంది. పిలిస్తే పలకదు. తలుపు బాదీ బాదీ నా చేతులు వాచిపోయాయి. సాయంత్రం ఎవరో పాలకని వచ్చి కేకేస్తే అప్పుడు తీసింది. అంతసేపూ నేనెట్లా ఉన్నానో ఈవిడకి పడుతుందా?”

“నిద్ర పట్టేసిందా అత్తయ్యా?”

ఆరోగ్యమ్మ భర్త వంక చూసింది.

“ఆఁ. పట్టేసింది.”

బెన్నికి ఇక ఆలోచించడానికేం కనపడలేదు. తల్లి చేతిని మెల్లగా గడియ మీద నుంచి తప్పించాడు.

“తీసెయ్ బాలస్వామీ.”

బాలస్వామి మొదటి స్క్రూ తిప్పాడు. “పాత తలుపుకి కొత్త గడియండీ ఇది. ఇంకా మెరుపు కూడా పోలేదు.”

“నేనే వేయించా,” అంది ఆరోగ్యమ్మ.

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. “ఎప్పుడు?”

“మీరు కంచికచర్ల పెళ్లికెళ్లినప్పుడు. గాలికి తలుపు కొట్టుకుంటుంటే...”

స్క్రూలు ఒక్కొక్కటీ నేల మీద పడ్డాయి. ఆవిడ ఆ చప్పుడు వింటూ గోడకి ఆనుకుని నిలబడింది. పని అయ్యాక మాస్టారు వచ్చి తలుపుని ఒక్క వేలితో నెట్టారు. చప్పుడు లేకుండా తెరుచుకుంది.

“ఇప్పుడు నాకు నిశ్చింత,” అన్నారు. “ఏ వేళప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు.”

మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. మాస్టారే ప్రార్థన చేశారు. ఈ ఇంట్లో ఇక ఎవరి కాలూ జారకుండా కాయమని వేడుకున్నారు. బెన్ని, జాయిస్ ఆమెన్ అన్నారు. మాస్టారు మంచి ముక్క ఏరి భార్య కంచంలో వేశారు. ఆవిడ ముట్టుకోలేదు.

“తినమ్మా,” అన్నాడు బెన్ని. “కడ్డీలున్నాయి, లైట్లున్నాయి, నాన్న ఉన్నారు. ఇంక నీకేం భయం? సాయంత్రం బస్సుకి మేం బయల్దేరతాం.”

ఆరోగ్యమ్మ తలెత్తింది. ముందు కొడుకుని చూసింది, తర్వాత కోడల్ని. మాస్టారి వైపు చూడలేదు. నెమ్మదిగా, అందరికీ వినబడేలా చెప్పింది.

“సాయంత్రం మీతో పాటు మీ నాన్న కూడా వస్తారు, ఆయన ఇంట్లో లేకపోతే నేను పడను.”