బొటనవేలంత పక్కకి

“ఇంకో బొటనవేలంత పక్కకి జరపనా?” గిటార్ మోత వచ్చే ఆంప్ పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని, మైకు పట్టుకుని అడిగాడు అన్నయ్య.

“నన్నడుగుతావేంటి? వేళ్లు నావి, చెవులు నీవి,” అంది చెల్లెలు. వెనక గది గోడలకి పాత పరుపులు ఆనించి, కిటికీకి దుప్పటి కట్టి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్న నాటి నుంచీ వాళ్లిద్దరి ఒప్పందం అదే.

ఆ పెట్టెలోని స్పీకరు నడిమధ్యకి మైకు పెడితే గిటార్ సూదిలా గుచ్చుతుంది. అంచుకి జరిపితే మెత్తబడుతుంది. ఆ రెంటికీ నడుమ సరైన చోటు పట్టుకోవడంలో అన్నయ్య దిట్ట అని తెలిసినవాళ్లంతా అంటారు. సన్నటి శబ్దాలు ఇక అతని చెవులకి అందవని రెండేళ్ల కిందట డాక్టరు తేల్చేసిన సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. పరువు పోతుందని కడుపులోనే దాచుకున్నాడు.

అప్పటి నుంచీ ఒక దొంగపని మొదలుపెట్టాడు. వాయించింది తిరిగి వినిపిస్తూ ఓరగా చెల్లెలి మొహం చూస్తాడు. ఆమె నొసలు ముడిపడితే మైకు జరుపుతాడు. తల ఊపితే అక్కడే వదిలేస్తాడు.

నిరుడు అదీ బెడిసికొట్టింది. వాళ్లిద్దరూ చేసిన ఆల్బం విన్నవాళ్లంతా గిటార్ చెవులు కోసేస్తోందన్నారు. అతను తల ఎత్తుకోలేకపోయాడు. చెల్లెలే, “తప్పు నాది. మా అన్నయ్యని ఏమీ అనకండి,” అని అందరికీ సర్దిచెప్పింది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ అతనికి ముద్ద దిగదు.

కొత్త పాట ఇవాళ సాయంత్రంలోగా పంపాలి. ఇదీ చెడితే ఆమెని ఇక ఎవరూ వాయించడానికి పిలవరు.

మైకు జరిపాడు. ఆమె వాయించింది. అతను వినిపించి, క్షణం తటపటాయించాడు. వెంటనే ఆమె నొసలు ముడిపడింది. మళ్లీ జరిపాడు. ఆమె మళ్లీ వాయించింది. ఈసారి వినిపిస్తూ ధైర్యం తెచ్చుకుని నవ్వాడు.

“బాగుంది కదూ?”

“చాలా బాగుంది!” అని తల ఊపింది.

అంతలో వంటింట్లోంచి అతని భార్య చెవులు మూసుకుని వచ్చింది. “ఏంటండీ ఆ గోల? పళ్లు జివ్వుమంటున్నాయి. మీరిద్దరూ ఎలా భరిస్తున్నారో!” అనేసి వెళ్లిపోయింది.

అతని మొహం మాడిపోయింది. ఇంత గోలనీ బాగుందందంటే చెల్లెలికి అంతా తెలుసన్నమాట. తన పరువు కాపాడటానికి నిరుడు నింద మోసింది, ఇవాళ అబద్ధం ఆడింది. సిగ్గుతో చచ్చినంత పనైంది అతనికి.

“నన్ను క్షమించవే. నాకు సన్నటి శబ్దాలు వినబడక రెండేళ్లయింది. నీ మొహం చూసి మైకు పెడుతున్నాను,” అన్నాడు నేల చూపులు చూస్తూ.

ఆమె గిటార్ మెల్లగా పక్కన పెట్టింది.

“ఆ శబ్దాలు నాకూ వినబడవు. నీ మొహం చూసే నేను తల ఊపుతున్నాను, అన్నయ్యా.”