ఇడిచిపెట్టు వదినె

"బొట్టు తుడ్వనియ్య. ఆయన యాడనో ఉన్నడని నా మనసు చెప్తున్నది," అంది కరుణశ్రీ.

ఆర్మూరు శివారులో, వాళ్ల బాయి గట్టున ఆమె భర్త గంగాదాస్ దినం జరుగుతోంది. పక్క కళ్లంలో ఉడికించిన పసుపు ఆరుతోంది. బహ్రెయిన్‌లో చేపల పడవ మీద పనిచేసే గంగాదాస్ సముద్రంలో పడి పోయాడని, శవం కూడా దొరకలేదని తమ్ముడు లింబాద్రికి ఫోన్ వచ్చింది. చేసేదేముంది, దర్భలతో బొమ్మ చేసి దానికే కొరివి పెట్టారు.

ఆ కొరివి పెట్టింది లింబాద్రే. అన్న గీసిన గీత దాటడని పేరున్న తమ్ముడు. అప్పటి నుంచి అతనికి ముద్ద మింగుడు పడడం లేదు. వదినె ఎదురైతే తల నేలకేసుకుంటున్నాడు. ఊరి నోటికేం, తిట్టడానికీ మెచ్చుకోవడానికీ ఎప్పుడూ తయారే. "తమ్ముడంటే గిట్లుండాలె" అన్నారంతా. వాళ్లు పొగిడిన కొద్దీ అతనికి సిగ్గుతో ప్రాణం చచ్చినట్టయ్యేది.

దినం చేయిస్తున్న అయ్యగారు ఓపికగా చెప్పాడు. "పసుపు కొమ్ము పాలిష్ పడితే పొట్టు పోతది, పసుపు ఉంటది. దేహం గా పొట్టు బిడ్డా. ఆత్మ పోయి పరమాత్మల కలువాలె."

"కలిసినంక నన్ను గుర్తుపడ్తడా అయ్యగారూ?"

"అండ్ల నువ్వు, నేను అని ఉండదు. అంతా ఒక్కటే."

"గట్లయితే నేను పోనియ్య."

"నువ్వు గట్ల పట్టుకుంటే ఆయన నడుమల కొట్టుకుంట ఉంటడు. గా పాపం నీకెందుకు?"

ఆమెకు తగలాల్సిన మాట లింబాద్రికి తగిలింది. లేచి పోబోయాడు.

కరుణశ్రీ అతని వైపు తిరిగింది. "లింబాద్రీ, ఎవ్వలు చెప్పినా ఇనను. నువ్వు చెప్తే ఇంట. నిజంగ పోయిండా మీ అన్న?"

చుట్టాలంతా అతని నోటికేసి చూస్తున్నారు.

"పోయిండు వదినె. ఇడిచిపెట్టు," అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

కరుణశ్రీ తన చేత్తో తానే బొట్టు తుడుచుకుంది. బాయి నీళ్లు దోసిట్లోకి తీసుకుని, "సరే, ఇడిచిపెట్టిన. మంచిగ పో. దేవునిల కలువు," అంటూ వదిలింది. ఆడవాళ్లంతా ఘొల్లుమన్నారు. లింబాద్రి కూడా వెక్కివెక్కి ఏడ్చాడు. కొరివి పెట్టిననాడు కూడా అతను అంత ఏడవలేదు.

జేబులో ఫోన్ మోగింది. బహ్రెయిన్ నంబరు చూసి, పసుపు కుప్పల వెనక్కి గబగబా నడిచి చెవికి పెట్టుకున్నాడు.

"తమ్మీ, ఇగ కరుణ నాకోసం ఎదురు సూడదు గదా?"