పెంటకుప్ప నుంచి గుమ్మం దాకా

"గొడ్రాలి చేతికి పసిగుడ్డునిస్తావా? నేనుండగా కుదరదు," అంది రావమ్మ, పురిటిగది గుమ్మానికి అడ్డంగా నిలబడి.

లోపల నులకమంచం మీద కోడలు పార్వతి పాలిపోయిన ముఖంతో పడుకుని ఉంది. ఇప్పుడే ఆడపిల్లను కన్నది. అంతకుముందు పుట్టిన ముగ్గురూ పురిటి మైల తీరకముందే పోయారు. అందుకని ఈసారి పెడన సాలెల వీధి ఆనవాయితీ తప్పకుండా జరిపించాలనుకున్నారు. పిల్లను చేటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టాలి. పరాయి మనిషి ఎవరో తనకు దొరికిందని ఎత్తుకు రావాలి. కన్నతల్లి దోసెడు తవుడు పోసి తన పిల్లను తానే కొనుక్కోవాలి. ఎవరికీ అక్కర్లేని పిల్ల అనుకుని మృత్యువు దాని జోలికి రాదట. కొనుక్కునేదాకా తల్లి పిల్ల ముఖం చూడకూడదు. పేరు కూడా పెంటమ్మ అనే పెట్టాలి.

ఆ ఎత్తుకొచ్చే మనిషి పక్కింటి మాణిక్యమే కావాలని పార్వతి పట్టుబట్టింది. మాణిక్యానికి పిల్లల్లేరు. పేరంటానికి కూడా ఆ వీధిలో ఆమెను అందరికంటే ఆఖరున పిలుస్తారు. రావమ్మ గింజుకోవడం అందుకే.

"మాణిక్యం వదిన ఒళ్ళో ఏనాడూ ఒక బిడ్డ పడలేదత్తయ్యా. ఆ నాలుగడుగులైనా ఆమెను తల్లిని కానివ్వండి," అంది పార్వతి. గొంతులో ఓపిక లేదు గాని పట్టుదల ఉంది.

రావమ్మ గొణుక్కుంటూ పక్కకు తప్పుకుంది. చేట అందిస్తూ మాణిక్యానికి పదే పదే చెప్పింది. వెళ్ళడం, రావడం, అంతే. దారిలో నిలబడి ముచ్చట తీర్చుకోవద్దు. నెత్తురు పోయి కోడలు వేలాడిపోతోంది, పిల్లను చూసుకుంటే తప్ప దాని ప్రాణం కుదుటపడేట్టు లేదు. మాణిక్యం అన్నిటికీ తల ఊపింది.

"ముక్కు ఎవరిది వదినా?" అంది పార్వతి లోపలి నుంచి.

"తెచ్చాక నువ్వే చూసుకుందువుగాని."

ముందుగదిలో పార్వతి మొగుడు భావనారాయణ మగ్గం నేస్తున్నాడు. ఇంట్లో పురుడొచ్చిన సంగతి మృత్యువుకు తెలియకూడదని తల్లి అతన్ని లేవనివ్వలేదు. నూలు కంట్రోలు రోజులు. దొరికిన కాస్త నూలుతో నేస్తూనే ఉన్నాడు. టకటకమని ఆ చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తోంది.

మాణిక్యం పెంటకుప్ప మీద చేట పెట్టి, వెనక్కి తిరిగి, మళ్ళీ ఇటు తిరిగి పిల్లను ఎత్తుకుంది. చేయవలసిన తంతు అక్కడితో సరి. కాని ఆ పిల్ల కళ్ళయినా తెరవకుండా, ఆమె చూపుడువేలు గట్టిగా పట్టుకుంది. ఇంకేముంది! మాణిక్యం కాళ్ళు కదల్లేదు. ఏం చేస్తుంది పాపం? పడుగు చాపిన గుంజల పక్కన నీడలో నిలబడిపోయింది.

కాపురానికి వచ్చిన నాటినుంచి, పుట్టబోయే కూతురికి చెప్పాలని ఆమె దాచుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి. గుమ్మం చేరితే ఈ పిల్ల ఇంకొకరి కూతురు. చెప్పుకుంటే ఇప్పుడే చెప్పుకోవాలి.

"ఆకలైతే అడగవే తల్లీ, అడగందే అమ్మైనా పెట్టదు. కండెలు చుట్టడంతో సరిపెట్టుకోకు, మగ్గం గుంటలో దిగి నేత నేర్చుకో. ఆడదానికెందుకంటే నవ్వి ఊరుకో, గుంటలోంచి మాత్రం లేవకు. ఏడుపొస్తే పొయ్యి పొగ అని చెప్పకు, ఏడుస్తున్నానని చెప్పు. నేను చెప్పలేకపోయాను. ఎవరినైనా గొడ్రాలంటుంటే అక్కడ ఉండకు, లేచొచ్చెయ్."

అంతలో మగ్గం చప్పుడు ఆగిపోయింది.

పోగు తెగిందనుకుంది మాణిక్యం. సాలెల ఇంట పుట్టి, సాలెల ఇంట మెట్టిన మనిషి మరింకేమనుకుంటుంది? భావనారాయణ ముడివేసుకుని మళ్ళీ అందుకుంటాడు, ఆ చప్పుడు వినపడగానే కదులుదాం అనుకుంది. ఆ కాస్త సేపూ తనకు కలిసి వచ్చిందని సంబరపడింది కూడా. పిల్ల నడినెత్తి వాసన చూసింది. బుగ్గకు బుగ్గ ఆనించింది. ముక్కు అచ్చం పార్వతిదే.

"ఇంకొక్కటి చెప్తాను, మరిచిపోకు. పరాయివాళ్ళ సొమ్ము గడియసేపైనా దగ్గర ఉంచుకోకు. గంజి చెంబైనా సరే, వెంటనే తీసుకెళ్ళి ఇచ్చెయ్యాలి."

ఆ మాట తన చెవిన పడగానే మాణిక్యానికి సిగ్గేసింది. నాలుక కరుచుకుని, పిల్లను గుండెకు హత్తుకుని గబగబా నడిచింది. మగ్గం ఇంకా మోగలేదు.

రావమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఒళ్ళో తవుడు గిన్నె. ఆలస్యానికి చీవాట్లు పడతాయని తెలిసినా, మాణిక్యం నవ్వు ఆపుకోలేక, తంతు ప్రకారం గొంతెత్తి అడిగింది.

"అమ్మా, పెంటకుప్ప మీద పిల్ల దొరికింది. తవుడు పోసి కొనుక్కుంటారా?"

రావమ్మ తిట్టలేదు. గిన్నె తీసి పక్కన పెట్టింది.

"నువ్వే ఉంచుకోవే మాణిక్యం. కొనుక్కునే మనిషి, 'ముక్కు ఎవరిది వదినా' అని అడుగుతూ అడుగుతూనే పోయింది."