మందునీళ్ల తొట్టి

నామక్కల్ పొలిమేరలోని ఆ కోళ్లఫారంలో తెగులు సోకి, ఉన్న కోళ్లన్నిటినీ పూడ్చిపెట్టి నాలుగు నెలలైంది. షెడ్డు చూసుకునే చెన్నియప్పన్ ఆ దిగులుతోనే పోయాడు. ఇప్పుడు కడిగి సున్నం చల్లిన షెడ్డులో పరీక్ష కోసం ఇరవై కోళ్లను వదిలారు. ఈ ఒక్క రాత్రీ అవి గట్టెక్కితే తెల్లారి కొత్త పిల్లలు దిగుతాయి.

చెన్నియప్పన్ భార్య పావాయి టార్చి పట్టుకుని చూడబోయి గుమ్మం దగ్గర ఆగిపోయింది. తెగులు లోపలికి పోకుండా కాళ్లు ముంచే తొట్టిలో ఊదారంగు మందునీళ్లు ఇంకా కదులుతున్నాయి. అక్కణ్ణుంచి సున్నం మీదుగా తడి అడుగులు లోపలికి వెళ్లాయి. తిరిగొచ్చిన జాడ లేదు.

"రాసప్పా! ఎవర్నిరా లోపలికి వదిలావు?"

"ఓనరొచ్చినా వదల్లేదక్కా. గేటు తాళంచెవి నా మొల్లోనే ఉంది," అని గేటు దగ్గర్నుంచి అరిచాడు వాచ్‌మన్. "నువ్వు వెళ్లకు, నీకు పుణ్యముంటుంది!"

లోపల కోళ్లు మేత పోసినప్పటిలా కొక్కొక్కమంటున్నాయి. చావబోయే వాటి గొంతులు కావవి.

పావాయి తొట్టిలో కాళ్లు పెట్టింది. దేవుడైనా సరే, పది లెక్కపెట్టేదాకా కాళ్లు తియ్యకూడదనేవాడు చెన్నియప్పన్. ఎనిమిదికే తీసేస్తుందని ఆమెను ఉన్నన్నాళ్లూ తిట్టాడు.

"ఆరు, ఏడు, ఎనిమిది..." అలవాటు కొద్దీ కాలెత్తింది.

లోపలి చీకట్లోంచి ఎవరో నింపాదిగా, "తొమ్మిది" అన్నారు.

పావాయి ఎత్తిన కాలు మళ్లీ నీళ్లలో పెట్టింది.