చేతులు తుడుచుకుని

కరెంటు పోవడంతో గొడవ ఆగిపోయింది.

కూతురు తడుముకుంటూ వంటింట్లోకి వెళ్ళి కొవ్వొత్తి వెతికి తెచ్చేదాకా తండ్రి కుర్చీలోంచి కదల్లేదు. వెలుగు రాగానే ఎక్కడ ఆపాడో అక్కడే అందుకున్నాడు.

"రెండేళ్ళా? జీతం భత్యం లేకుండా, సముద్రాలు దాటి వెళ్ళి చదువు చెప్తావా? ఇక్కడ పిల్లలు లేరా?"

"ఉన్నారు నాన్నా. ఈ దేశంలో చెప్పేవాళ్ళూ ఉన్నారు. అక్కడ కొండల మధ్య ఒకటే బడి. నలభై మంది. మామూలు టీచర్లు వాళ్ళతో వేగలేక నెల తిరక్కుండానే పెట్టే బేడా సర్దుకుంటున్నారట. అందులో ఒక ఎనిమిదేళ్ళ పిల్ల, తన పేరేంటో కూడా తను చెప్పుకోలేకపోతోందట."

తండ్రి వీపు తిప్పేశాడు. ఆ ఇంట్లో వీపు తిప్పాడంటే ఇక మాటల్లేవని అర్థం.

ఆయన బుక్ బైండరు. వీధి మలుపులో చిన్న కొట్టు. లైబ్రరీ పుస్తకాలు, ఆఫీసు రిజిస్టర్లు, అట్టలూడిన నిఘంటువులు, ఏవైనా ఆయన దగ్గరికి రావాల్సిందే. పనిమంతుడే గానీ కలుపుగోలు మనిషి కాదని పేరు. బేరాలుండవు. వచ్చినవాళ్ళు ఏం కావాలో చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టి పోతారు. ఫోన్లన్నీ కూతురే చూసుకుంటుంది. ఇంట్లోవాళ్ళు వెళ్ళి ఏదైనా అడిగినా, ముందు పాతగుడ్డతో చేతులకున్న జిగురంతా తీరిగ్గా తుడుచుకుంటాడు. జవాబు ఆ తర్వాతే.

"చేతులు తుడుచుకోకుండా మాట్లాడితే కొంపలేం మునిగిపోవు" అని భార్య బతికున్నప్పుడు దెప్పేది.

"జిగురు మాటలు నాకు రావు" అనేవాడు ఆయన.

మూడు రోజులు అలక నడిచింది. నాలుగో రోజు మధ్యాహ్నం కూతురు టీ పట్టుకుని కొట్టుకెళ్ళింది. వెనకనుంచి భుజం తట్టింది. ఆయన దబ్బనం పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది.

"నువ్వెళ్తే నాతో మాట్లాడేదెవరే?"

"వీధి నిండా జనమే కదా నాన్నా."

"జనం ఉన్నారు. మాట్లాడేవాళ్ళేరీ? మీ అమ్మ ఉన్నప్పుడు ఇద్దరు. ఇప్పుడు నువ్వొక్కదానివి."

కూతురు టీ గ్లాసు ఆయన ముందుకి జరిపింది. "అక్కడ ఫోను కూడా అంతంతమాత్రమేనట. మాట అందుతుంది గానీ మనిషి కనిపించదట."

"అయితే అది నాకెందుకు?"

"ఉత్తరాలు రాస్తా. వారం వారం."

"ఉత్తరంతో పోట్లాడ్డం ఎలా?" అన్నాడు. నవ్వబోయి మానేశాడు.

టీ చల్లారిపోయింది. ఆయన తాగలేదు.

"ఆ పిల్ల, ఎనిమిదేళ్ళదన్నావే, దానికి దాహమేస్తే ఏం చేస్తుందట?"

"ఎవరో ఒకర్ని కుళాయి దగ్గరికి లాక్కెళ్తుందట. ఎవరూ రాకపోతే కరుస్తుందట."

"నేనూ కరిచేవాణ్ణి." ఆయన కూతురి మొహంలోకి చూడకుండా చెప్పాడు. "పదకొండేళ్ళు వచ్చేదాకా నాకు ఒక్క ముక్క నేర్పిన నాథుడు లేడు. ఇంటిల్లిపాదీ మొద్దు కింద జమకట్టేశారు. ఆ తర్వాత ఒకాయన వచ్చాడు. ఎక్కడివాడో ఏమో. సంవత్సరం ఉండి నేర్పిపోయాడు." చల్లారిన టీ గ్లాసు పక్కకి జరిపాడు. "ఆయన్ని పంపించి కూడా ఎవరో ఒక తండ్రి కూర్చునే ఉంటాడు కదా."

మళ్ళీ దబ్బనం అందుకున్నాడు. అంటే ఆ మాట అక్కడితో సరి.

ప్రయాణానికి రెండు రోజుల ముందు కొట్లో బిగింపు చెక్కల మధ్య నలభై చిన్న నోటు పుస్తకాలు కనిపించాయి కూతురికి. నీలం గుడ్డ అట్టలు. ప్రతి అట్ట మీదా పేరు రాసుకోవడానికి ఖాళీ చీటీ అంటించి ఉంది.

"బ్యాగు బరువెక్కుతుంది నాన్నా."

"బట్టలు తగ్గించు. నిన్ను చూడ్డానికి అక్కడెవరూ పెళ్ళివారు రారు."

పొద్దున పదింటికి విమానం. లోపలికి ప్రయాణికులనే పంపుతున్నారు. సాగనంపడానికి వచ్చినవాళ్ళంతా అద్దానికి ఇవతల గుమిగూడారు. మందపాటి అద్దం. ఇటు మాట అటు పోదు. పక్కనున్న పెద్దావిడ తాళంచెవితో అద్దం మీద కొడుతూ, "ఒరేయ్, స్వెట్టరు పైనే పెట్టావా?" అని గొంతు చించుకుంటోంది. లోపల ఆవిడ కొడుకు చెవి చూపించి, తల అడ్డంగా ఊపి, నవ్వేసి ఊరుకున్నాడు.

కూతురు లోపల రెండు బ్యాగులూ కింద పెట్టి, అద్దానికి అటువైపు తండ్రికి ఎదురుగా వచ్చి నిలబడింది. ఆయన అలవాటు కొద్దీ చొక్కాకి చేతులు తుడుచుకున్నాడు. ఆ వేళ జిగురేం లేదు.

"బీపీ మాత్ర వేసుకున్నావా?"

"మూడోసారి అడుగుతున్నావు."

"చీటీలు సరిగ్గా చదువు. మొన్న ఎర్ర అట్ట అడిగితే నల్లది వేశావు."

"వాడి రాత అలా ఏడ్చింది."

"కోపం పోయిందా నాన్నా?"

"పోలేదు. ఉండనీ. నువ్వొచ్చాక పోట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా."

కూతురి కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు, తండ్రికి ఇంకా ఏదో చెప్తూనే ఉంది. ఆయన అడ్డొచ్చాడు.

"ముందు ఏం నేర్పుతావు వాళ్ళకి?"

"నీళ్ళు."

"కాదు. ముందు పేరు. చీటీలు ఖాళీగా ఉంటే ఒప్పుకోను."

పక్కనున్న పెద్దావిడ తాళంచెవితో కొట్టడం మానేసి వీళ్ళిద్దరినే నోరు తెరుచుకుని చూస్తోంది.

లోపల క్యూ కదిలింది, కూతురు వంగి చేతికొక బ్యాగు ఎత్తుకుంది, అంతటితో, పుట్టిన దగ్గర్నుంచి ఒక్క శబ్దమూ చెవిన పడని ఆ తండ్రితో ఈ ఊళ్ళో మాట్లాడగలిగిన రెండే రెండు చేతులు మాట ఆపేశాయి.