సోమరి జాలి

"ఇది రాసినవాడెవడో మధ్యాహ్నంలోగా తేలాలి." లియాండ్రో కరపత్రాన్ని బల్లకేసి కొట్టాడు. "తేలాక వాడు ఈ పార్టీలో ఉండడు."

ఎర్సీలియా టీ కప్పు పక్కన పెట్టి కాగితం అందుకుంది. లినారెస్ ఊళ్లోని పార్టీ ఆఫీసులో యాభై ఏళ్లుగా టైపు కొడుతున్న మనిషి. రెండు వాక్యాలు చదివేసరికి ఆమె మొహంలో రంగు మారింది. కాగితాన్ని బోర్లించి పెట్టేసింది.

"పోనివ్వండి లియాండ్రో గారూ. రెండ్రోజులు చెప్పుకుంటారు, మర్చిపోతారు."

"మర్చిపోతారా? ఊళ్లో ప్రతి గోడకీ అంటించారు! ఇది విను: 'ముళ్లపొదను కొమ్మలు నరికి వదిలితే మళ్లీ చిగురిస్తుంది. వేళ్లు తవ్వి కాల్చాలి. ఎదుటి పక్షంవాడు పక్కింటివాడైనా సరే, పేరు రాసి పంపండి. సోమరి జాలి దేశాన్ని చంపుతుంది.' సైనికులు దేశాన్ని ఏలిన కాలంలో ఇలా పేర్లు పంపితే, పోయినవాళ్లు తిరిగి రాలేదు. నీకు గుర్తులేదా?"

"నాకు గుర్తుందండీ," అంది ఎర్సీలియా, ఆయన వైపు చూడకుండా.

ఈవిడకు ఏదో తెలుసు, అనుకున్నాడు లియాండ్రో. ఎవరినో వెనకేసుకొస్తోంది.

డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో ఆయనకు మిగిలిన ఆస్తల్లా మంచిపేరే. సైనికులు దిగిపోయాక ఎదుటి పక్షమైన సోషలిస్టుల ఇళ్లకు ముందుగా వెళ్లి చేయి కలిపినవాడు ఆయనే. ఇప్పటి కుర్రకారు మాత్రం ఆయన్ని 'పాలలో నానిన రొట్టె' అంటారు. మొహం మీదే అంటారు కూడా. తన తర్వాత పార్టీని వీళ్ల చేతుల్లో పెట్టాలన్న ఆలోచనకే ఆయనకు నిద్ర కరువైంది.

ఇరవై ఏళ్లు పార్టీ పత్రిక నడిపినవాడు. రాత చూసి రాసినవాణ్ణి పట్టేయగలనని ఆయన ధీమా. కరపత్రం మళ్లీ చదివాడు. పట్నంలో పెరిగిన పిల్లలకు ముళ్లపొద వేళ్ల సంగతి ఏం తెలుసు? పొలం ఎరిగినవాడి రాత ఇది. ఆ వాక్యాల నడక కూడా ఎక్కడో బాగా అలవాటైనదే. ఇంట్లో విన్నట్టే ఉంది.

'సోమరి జాలి' దగ్గర ఆయన వేలు ఆగిపోయింది.

పోయిన ఆదివారం భోజనాల దగ్గర మనవడు గాస్పర్ అన్న మాట అది. "మీ తరానిది సోమరి జాలి తాతా. అన్నిట్లో నీళ్లు కలిపేశారు," అని నవ్వాడు. గత నెలలో పొలం దగ్గర గోదాము సర్దుతానని వెళ్లి, మూడు రోజులు ఫోన్ ఎత్తలేదు. తిరిగొచ్చాక తాతను ఎప్పుడూ చూడనట్టు, వింతగా చూడటం మొదలుపెట్టాడు.

లియాండ్రో కాగితం మడిచి పెట్టాడు. తల్లి పోయాక ఆరేళ్ల వయసునుంచీ తన పక్కలో పడుకుని పెరిగిన పిల్లవాడు. వచ్చే నెల నగర సభ ఎన్నికల్లో పార్టీ జాబితాలో మొదటి పేరు వాడిదే. వాణ్ణి వెళ్లగొట్టడమంటే తన చేయి తాను నరుక్కోవడమే. అలాగని కడుపులో పెట్టుకుంటే, ఇన్నేళ్లూ తాను చెప్పిందంతా ఉత్త మాటలే అవుతుంది.

ఫోన్ తీసి ఒక పత్రిక విలేఖరిని రమ్మన్నాడు. ఆ తర్వాత గాస్పర్‌ను పిలిపించాడు.

"వద్దండీ," అంది ఎర్సీలియా. "విలేఖరి ముందు వద్దు. మీ ఇద్దరూ ఇంట్లో మాట్లాడుకోండి."

"వాడేనని నీకు ముందే తెలుసు కదూ?"

ఎర్సీలియా కప్పులు తీసుకుని లోపలికి పోయింది. దాంతో ఆయన అనుమానం కాస్తా నిర్ధారణ అయింది.

గాస్పర్ వచ్చి నిలబడ్డాడు. విలేఖరి అమ్మాయి మూల కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచింది.

"ఇవి పంచింది నువ్వేనా?"

"నేనే. అందులో ప్రతి మాటా నేను నమ్ముతాను. నీకులా మొహమాటం లేదు నాకు."

"సిగ్గు లేదూ?"

"దేనికి? ఈ పార్టీ ఒకప్పుడు ఇలాగే మాట్లాడేది తాతా. మధ్యలో మీకే గొంతు పోయింది."

లియాండ్రో విలేఖరి వైపు తిరిగాడు. "అమ్మాయ్, రాసుకో. ఈ క్షణం నుంచి గాస్పర్ పార్టీలో లేడు. నా మనవడైనా సరే."

"సరే," అన్నాడు గాస్పర్. "పంచాను, ఒప్పుకున్నాను. ఇక్కడితో వదిలెయ్."

"వదలను. ఇంత విషం కక్కినవాడెవడో చెప్పు. నువ్వేనా?"

గాస్పర్ తల అడ్డంగా ఊపాడు. ఇంతసేపూ లేని బెదురు ఇప్పుడు వాడి కళ్లలో కనిపించింది. "నేను కాదు. ఆ అమ్మాయిని బయటికి పంపు, నీ ఒక్కడికే చెప్తాను."

"ఎవణ్ణి కాపాడుతున్నావురా? నీకంటే పెద్ద తలకాయా?"

"గోదాములో దొరికిన పాత పార్టీ పత్రికలోంచి మక్కీకి మక్కీ దించాం. డెబ్బై అయిదు నాటిది, సైనికుల కాలంలోది. చాలా? పేరు మాత్రం అడగొద్దు, నీకు దణ్ణం పెడతా."

"బతికున్నాడా వాడు?"

"ఉన్నాడు."

"అయితే వాణ్ణీ ఇవాళే గెంటేస్తాను. నలుగురి మధ్యా తెల్లచొక్కా వేసుకుని పెద్దమనిషిలా తిరుగుతూ ఉంటాడు! అమ్మాయ్, కలం ఆపకు. చెప్పరా వాడి పేరు!"

గాస్పర్ ఎర్సీలియా వైపు చూశాడు. తలుపు దగ్గర నిలబడ్డ ఆమె చేత్తో నోరు నొక్కుకుంది.

"నువ్వే, తాతా."