తిరగేసిన షీటు

"రోడ్డు కొలతలు తీసినోళ్లు కోదాడ నుంచి నడిస్తే, మనం మిర్యాలగూడ నుంచి నడిచినట్టు గీసినం! ప్రతి క్రాస్ సెక్షన్ షీటుల రోడ్డుకు ఎడమది కుడికి, కుడిది ఎడమకి పోయింది!" ఇంజనీరు జనార్దన్ పెన్సిల్‌ను బల్లకేసి కొట్టాడు. "నెల కష్టం బూడిదల పోసినట్టాయె. ఇగ మళ్ల మొదటి నుంచి గీయాలె."

"జర ఆగుండ్రి సార్," అంది నక్షాలు గీసే ట్రేసర్ ఆండాళు. "ఎనక నుంచి గూడ గీతలు కనవడే ట్రేసింగ్ కాగితమే గదా. తిరగేసి గీస్తే అయిపోతది."

జనార్దన్‌కు ప్రాణం లేచివచ్చింది. "గీ తెలివి పొద్దుగాల ఏమైంది?"

ఆమె నవ్వుతూ మొదటి షీటు తిరగేసింది. రోడ్డుకు ఎడమనున్న ఇల్లు కుడికి వచ్చింది. ఆమె నవ్వు ఆగిపోయింది. రోడ్డును వెడల్పు చేసేది కుడివైపే.

"సార్, ఇది తండా లక్ష్మీబాయి ఇల్లు. రోడ్డు కింద పోదని మొన్న మనమే చెప్పినం."

జనార్దన్ జవాబు చెప్పేలోపే గుమ్మంలో సీతాఫలాల గంప దిగింది.

"సారూ, మీ మాట మీదనే నిన్న గోడలకు సున్నం ఏసిన," అంది లక్ష్మీబాయి. "గియ్యి మీ పిల్లలకు."

అంతసేపూ అరిచిన జనార్దన్ కిందికి వంగి పెన్సిల్ వెతకసాగాడు.

ఆండాళు గబుక్కున షీటును మళ్లీ తిరగేసింది. ఇల్లు ఎడమకు వచ్చింది, కాగితం మీద మాత్రమే.